నాలుగు వేళ్ళ ఎడం

“మౌల్వీ సాబ్, ఈ వయసులో మీకు ఈ మిషను పనెందుకు?”

ఇటీవలి కాలంలో నేను తరచుగా వినే ప్రశ్న ఇది. ఉదయం ఫజ్ర్ నమాజు తరువాత, మళ్ళీ సాయంత్రం మగ్రిబ్ తరువాత మా చిన్న మదరసాలో పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ రెండింటి నడుమ, అసర్ నమాజు ముగించుకుని వచ్చి, వరండాలో ఉన్న పాత కుట్టుమిషను ముందు కూర్చుంటాను. నేను కుట్టేవి చిన్న బొంతలు. గజం పొడవు, ముప్పావు గజం వెడల్పు ఉంటాయి. పసిపిల్లల కింద పరచడానికి పనికివస్తాయి. బోయినపల్లి దారిన పోయేవారు మా వాకిట ఒక్క క్షణం ఆగి చూస్తారు. కొందరు నవ్వుతారు. కొందరు జాలిపడతారు, మౌల్వీ సాబుకు జీతం చాలడం లేదు కాబోలునని.

అందరికీ నేను ఒకే జవాబు చెబుతాను. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినవారికి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి గుర్తు చేస్తాను. ఆయన తన దుస్తులు తానే కుట్టుకునేవారనీ, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ ఆమె తెలిపారు. ఆ మహనీయుని చేతికి తగిన పని నా చేతికి తక్కువైనది ఎట్లా అవుతుంది?

ఈ జవాబు నిజమే, కాని పూర్తి నిజం కాదు. పూర్తి జవాబులో నా తండ్రి ఉన్నాడు, నా తమ్ముడు ఉన్నాడు, నేను చేసిన ఒక తప్పు ఉంది. అది నావంటి మరొకరికైనా ఉపయోగపడుతుందన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాను.

మేము దూదేకులవారము. మమ్మల్ని నూర్‌బాషాలనీ, పింజారీలనీ, లద్దాఫులనీ కూడా అంటారు. అరబీలో ‘నద్దాఫ్’ అంటే దూది ఏకేవాడు. లద్దాఫ్ అన్నది ఆ మాటకు మారిన రూపమే. తరతరాలుగా మా ఇంట్లో మాట్లాడే భాష తెలుగే. నాన్నను మేము ‘బాపు’ అనే పిలిచేవాళ్ళం.

చలికాలం రాకముందే బాపు విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పొడవైన కొయ్య, దానికి బిగించిన నారి, చేతిలో ఒక చెక్క గుండు, ఇవే ఆయన ఆస్తి. దూది కుప్పపై నారిని ఆనించి గుండుతో మీటితే ఆ నాదం వీధి చివరిదాకా వినిపించేది. ఆ అదురుకు గడ్డకట్టిన పాత దూది విడిపోయి పింజలు పింజలుగా లేచేది. సాయంత్రానికి ఆయన గడ్డమూ కనురెప్పలూ తెల్లబడేవి. ఏకిన దూదిని పాత చీరల నడుమ సమంగా పరచి, పెద్ద సూదితో బొంత కుట్టేవాడు. మా చేత పట్టించి కుట్టించేటప్పుడు ఒక్క మాట మాత్రం ప్రతిసారీ చెప్పేవాడు.

“దూది ఉన్నకాడ ఉండేది కాదురా. కుట్టుకు కుట్టుకు నడుమ నాలుగేళ్ళ ఎడం దాటనియ్యొద్దు. దాటితె అది జరుగుతది. ఒక దిక్కు గడ్డ గడుతది, ఇంకో దిక్కు ఉత్త బట్ట మిగులుతది.”

ఆయన భాషలో నాలుగేళ్ళంటే నాలుగు వేళ్ళు. చేతిని బొంతపై ఆనించి చూపేవాడు. నేడు బజారులో దొరికే దూది పలకలను జిగురుతోనో వేడితోనో అతికించి చేస్తారు కనుక కుట్ల నడుమ ఎడం కొంత ఎక్కువైనా అవి నిలుస్తాయి. విడి దూది అట్లా కాదు. నాలుగు ఉతుకులు పడితే చాలు, కుట్టు పట్టు లేనిచోట అది తన దారి తాను చూసుకుంటుంది.

పన్నెండేళ్ళ వయసులో బాపు నన్ను ఒక అరబీ మదరసాలో చేర్పించాడు. అక్కడ తోటి విద్యార్థులు “మీ నాన్న ఏమి చేస్తారు?” అని అడిగితే “దూది వ్యాపారం” అనేవాణ్ణి. పూర్తిగా అబద్ధం కాదు, నిజమూ కాదు. కొన్నేళ్ళకు హదీసు పాఠంలో ఉల్లేఖకుల పరంపరలు చదువుతుండగా యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ పేరు మాటిమాటికీ ఎదురైంది. ఆయన హిజ్రీ 198లో మరణించిన బస్రా విద్వాంసుడు. ఉల్లేఖకులలో ఎవరి మాట నమ్మదగినదో తూచి చెప్పడంలో ప్రమాణంగా నిలిచినవాడు. ‘ఖుత్న్’ అంటే దూది, ‘ఖత్తాన్’ అంటే దూది పనిలో బతికేవాడు అని మా ఉస్తాద్ వివరించినప్పుడు నా చెవులు వేడెక్కాయి. ఆ మహనీయుడు దూదిని తన పేరు పక్కనే పెట్టుకుని వెయ్యేళ్ళకు పైగా గౌరవంగా నిలిచాడు. నేనేమో దానిని ఒక మాట చాటున దాచాను. అయినా ఆ రోజు కూడా ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు.

నాకంటే ఐదేళ్ళు చిన్నవాడైన తమ్మునికి చదువు అబ్బలేదు, బాపు పని అబ్బింది. బాపు కన్నుమూసిన తరువాత అతడు విల్లును గోడకు తగిలించి, విద్యుత్తుతో తిరిగే దూదేకే యంత్రం తెచ్చుకున్నాడు. దాని కోసం పెరట్లో రేకుల కొట్టం వేశాడు.

మా ఊరు మిడ్ మానేరులో మునిగింది. బోయినపల్లి మండలం మాన్వాడ వద్ద మానేరుపై కట్టిన ఆ జలాశయం 27.5 టీఎంసీల నీటిని నిలుపగలదు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి ఊళ్ళు దాని ముంపులోకి పోయాయి. 2019 చివరికి జలాశయం నిండింది. ఊరు ఊరంతా తలో కాలనీకి, తలో పట్టణానికి చెదిరిపోయింది. వేసవిలో నీరు తగ్గినప్పుడు మొండి గోడలు బయటపడతాయి. జనం వెళ్ళి, ఇది ఫలానా వారి ఇల్లు, ఇది ఫలానా వారి వాకిలి అని గుర్తుపట్టి వస్తారు.

ఆ సంవత్సరమే మేమిద్దరం ఇంటి పరిహారాన్ని పంచుకున్నాము. బాపుకు మేమిద్దరమే సంతానం. ఇంటి లెక్కలో పెరటి కొట్టమూ కలిసి వచ్చింది, సొమ్ము నా చేతికి వచ్చింది. “కొట్టం నేను ఏసుకున్న అన్నా, దాని పైకం నాది” అన్నాడు తమ్ముడు. నేను మదరసాలో వారసత్వ విభజన శాస్త్రం బోధించేవాణ్ణి. అది తండ్రి పెరడు కనుక అందులోని ప్రతిదీ తండ్రి ఆస్తేనన్నాను. కాదంటే సాక్ష్యం తెమ్మన్నాను. అతని వద్ద రసీదులు లేవు. నా వ్యాజ్యానికి నేనే ఖాజీనై, సగం సొమ్ము లెక్కపెట్టి అతని ముందు పెట్టాను. అతడు ఆ సగం తీసుకుని, మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. వేములవాడలో అద్దెకు ఒక గది తీసుకుని యంత్రం పెట్టుకున్నాడు. మా కాలనీ నుండి అక్కడికి గంట ప్రయాణం కూడా ఉండదు. అయినా మా మధ్య మాటలు ఆగిపోయాయి.

శుక్రవారం ప్రసంగాలలో మాత్రం నా మాటలు ఆగలేదు. ముస్లిం తన సోదరునితో మూడు దినాలకు మించి పలుకు మానరాదన్న ప్రవక్త (స) బోధను వివరించేవాణ్ణి. ముందుగా సలాం చేసేవాడే ఆ ఇద్దరిలో ఉత్తముడని చెప్పేవాణ్ణి. మా కథ తెలిసినవారు తల వంచుకుని వినేవారు. ఆ వంగిన తలలను నేను వినయమనుకునేవాణ్ణి.

2020లో కరోనా కారణంగా మదరసా మూతపడింది. పిల్లల గొంతులు లేని ఇంట్లో ఏమీ తోచక, పంపకాలలో నాకు వచ్చిన రేకు పెట్టెను తెరిచాను. దాని నిండా బట్టముక్కలు ఉన్నాయి. బాపు ఏ ఇంటికి బొంత కుట్టినా, మిగిలిన ముక్కలలో ఒకదాన్ని ఇంటివారిని అడిగి తెచ్చుకునేవాడు. నా భార్య ఒక్కొక్కటీ తీసి చూస్తూ, “ఇది వడ్లోళ్ళ పెద్దమ్మ చీర. ఇది మన ఎదురింటి వాళ్ళ పెండ్లినాటిది” అని చెబుతూ పోయింది. నీటి కింద ఉన్న ఊరు మా ఒడిలో ముక్కలు ముక్కలుగా పరచుకుంది. ఆ ఊరి పిల్లలకు పుట్టబోయే పిల్లలకు వారి ముత్తవ్వ చీర ముక్క ఒకటి అందితే బాగుండునని అప్పుడు అనిపించింది. బాపు పరుపు గలీబులు కుట్టిన పాత మిషను వరండాలోనే ఉంది. దుమ్ము దులిపి, నూనె వేసి, దాని ముందు కూర్చున్నాను.

మొదటి బొంతను మామూలు తిన్నని కుట్టుతో కుట్టాను, అది పాడయింది. సూది కింద ఉండే ఇనుప పళ్ళు అడుగు పొరను ముందుకు లాగుతాయి, పైనున్న పాదం పై పొరను అదిమి పట్టుకుంటుంది. మధ్యలో దూది ఉన్నప్పుడు ఈ రెండు పొరల నడక కలవదు. చివరికి వచ్చేసరికి పై బట్ట రెండు వేళ్ళ మేర మిగిలిపోయి ముడతలు పడింది. నా పాట్లు చూసి మా విద్యార్థి ఒకడు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో ఒక వృద్ధురాలు బొంతను రెండు చేతులతో అన్ని దిక్కులకూ జరుపుతూ, సూదితో తీగలూ ఆకులూ గీస్తున్నది. కలం నిలిచి ఉండగా కాగితం కదిలినట్లుంది.

ఆ సంగతి బోయినపల్లిలో జాకెట్లపై పూలు కుట్టే దర్జీతో చెబితే ఆయన నవ్వాడు. “గిది కొత్త విద్యనా మౌల్సాబ్? మేం ముప్పై ఏండ్ల సంది గిట్లనే కుడుతున్నం. పళ్ళు మూయాలె, ఫుట్టు తీయాలె, బట్టకు రింగు బిగియాలె. ఇగ మిగిలిందంతా చేతులనే ఉంటది.”

ఆయన చెప్పిన చివరి మాట అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మామూలుగా కుట్టేటప్పుడు ప్రతి పోటుకూ పళ్ళు బట్టను ఒకే కొలతతో నెడతాయి. మనిషి దారి చూపితే చాలు, కొలత మిషనుది. పళ్ళను దించివేసినా, నా పాత మిషనులో వలె వాటిని పలుచని రేకుతో కప్పినా ఆ కొలత పోతుంది. సూది ఉన్నచోటనే పైకీ కిందికీ ఆడుతుంది. చేయి తొందరపడితే కుట్టు బారెడవుతుంది. చేయి జంకితే కుట్లు ఒకదానిపై ఒకటి పడి ముడి కడతాయి. కాలు తొక్కే వేగమూ చేయి జరిపే వేగమూ కలిస్తేనే కుట్లు ఆవగింజలు పేర్చినట్లు సమంగా వస్తాయి.

మొదటి రోజున పాదం తీసివేశాను కదా అని దాని మీటను దించడం మరచిపోయాను. పాదం లేకపోయినా మీట దించితేనే పై దారానికి బిగువు వస్తుంది. అది తెలియక పది నిమిషాలు కుట్టి తిప్పి చూస్తే, అడుగున దారమంతా పీచు ఉండలా పేరుకుపోయింది. సూది బట్టలో దిగి ఉండగా చేయి లాగితే అది వంగి, ప్లేటును తాకి విరుగుతుంది. మొదటి వారంలోనే ఏడు సూదులు విరిచాను. పద్నాలుగో నంబరు సూది తీసి పదహారో నంబరు వేశాక కొంత నయమయింది. సిరిసిల్ల మరమగ్గాలపై నేసి ప్రభుత్వం 2017 నుండి కొన్నేళ్ళు పంచిన బతుకమ్మ చీరలు మా పెట్టెలోనూ కొన్ని ఉన్నాయి. ఆ పాలిస్టరు బట్ట వేళ్ళ కింద జారిపోతుంది, దానికి కచ్చా కుట్లు దగ్గర దగ్గరగా వేయాలి. పాత నూలు చీర చెప్పిన మాట వింటుంది. కచ్చా కుట్టు అయినా, అసలు కుట్టు అయినా నడుమ నుండి అంచులకు పోవాలి. అంచు నుండి మొదలుపెడితే నడుమ ఉబ్బు మిగులుతుంది.

బాల్యంలో నేను చెక్క పలకపై కలంతో అరబీ అక్షరాలు దిద్దాను. కలం మొనతో పెట్టిన చుక్కయే ఆ లిపికి కొలబద్ద. అలిఫ్ ఇన్ని చుక్కల పొడవు, బే ఇన్ని చుక్కల వెడల్పు అని లెక్క ఉంటుంది. అబ్బాసీయుల కాలంలో మంత్రిగా పనిచేసిన ఇబ్న్ ముఖ్లా ఈ కొలతలను స్థిరపరచినవారిలో ప్రసిద్ధుడు. ఆ చదువు ఇప్పుడు అక్కరకు వచ్చింది. పలకపై సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతతో వంపులు గీయడం సాధన చేశాను. ఆ తరువాత మిషనులో దారం లేకుండా పాత కాగితంపై సూది ఆడించాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, రంధ్రాల నడుమ దూరం సమంగా ఉందో లేదో చూసుకున్నాను.

ఒకనాటి సాయంత్రం అట్లా కాగితం ఎత్తి చూస్తుండగా దివ్య ఖుర్‌ఆన్‌లోని సబా సూరా జ్ఞాపకం వచ్చింది. దావూద్ (అలై) కొరకు అల్లాహ్ ఇనుమును మెత్తబరచి, కవచాలు చేయమని, వాటి కూర్పులో కొలత పాటించమని ఆదేశించిన ప్రస్తావన అందులో ఉంది. అక్కడ వాడిన ‘సర్ద్’ అనే పదానికి నిఘంటువులు తోలు కుట్టడమనే అర్థం కూడా ఇస్తాయి. తోలు కుట్టే ఆరెను ‘మిస్‌రద్’ అంటారు. మేకు లావైతే కడియం పగులుతుంది, సన్నమైతే వదులవుతుంది, కాబట్టి దేని కొలత దానికి ఉండాలని వ్యాఖ్యాతలు వివరించారు. పాతికేళ్ళుగా ఆ వాక్యాన్ని పిల్లలకు పదార్థాలతో సహా చెబుతున్నాను. అది నా చేతికి చెప్పిన మాట అని మాత్రం ఆ రోజే తెలిసింది. కాగితంపై రంధ్రాలు నా గుణాన్ని నాకే చూపించాయి. నాకు ఇష్టమైన వంపు వచ్చినప్పుడు చేయి పరుగెత్తింది, కష్టమైనచోట వెనుకాడింది. అడ్డుపడే పళ్ళు లేనప్పుడు నా చేయి నాకు అనుకూలంగానే కొలిచింది.

మరి కొట్టం లెక్కలో కొలిచిన చేయి ఎవరిది?

తమ్ముణ్ణి నేను సాక్ష్యం అడిగాను. అసలు సాక్షిని నేనే. సెలవులకు ఇంటికి వచ్చిన రోజున కొట్టానికి రేకులు మోసుకొచ్చిన ఎడ్లబండి వెనుక నడిచింది నేను. గుంజలు పాతేటప్పుడు నిటారుగా ఉన్నాయో లేవో చూసి చెప్పింది నేను. మేస్త్రీకి తమ్ముడు తన నడుము సంచిలోంచి కూలి లెక్కపెట్టి ఇస్తుండగా చూసింది నేను. న్యాయానికి నిలబడాలనీ, అది మీకే వ్యతిరేకమైనా సాక్ష్యం చెప్పాలనీ విశ్వాసులకు ఉన్న ఆదేశం నాకు కంఠస్థం. అయినా అవసరమైన రోజున నేను సాక్షినని ఒప్పుకోలేదు. ఖాజీ పీట ఎక్కి కూర్చున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి వేములవాడకు వెళ్ళాలనుకున్నాను, వెళ్ళలేదు. ఇంకా రెండేళ్ళు వెళ్ళలేదు. తెలియడం వేరు, కాలు కదలడం వేరని ఒప్పుకుంటున్నాను.

ఆ రెండేళ్ళలో బొంతలు మాత్రం కుట్టాను. బొంతపై బిస్మిల్లాహ్ కుట్టి ఇమ్మని కొందరు అడిగారు, వినయంగా కాదన్నాను. పసిపిల్లలు తడిపే బట్టపై పవిత్ర వాక్యాలు తగవు. దానికి బదులు మానేరు వంపులు కుట్టాను. గీత గీతను తాకకుండా, ఎక్కడా తెగకుండా, వాగు వలె వంకలు తిరుగుతూ బొంతంతా నిండుతుంది. ఇటువంటి వంపుల కుట్టును ఇంగ్లీషులో మీండరింగ్ అంటారు. అదీ ఒక నది పేరే. తుర్కియేలో వంకలు తిరుగుతూ పారే మెండెరెస్ నది పాత పేరు నుండి ఆ మాట పుట్టింది.

పొరుగున కర్ణాటకలో, ఉత్తర కన్నడ అడవుల అంచున ఉండే సిద్దీ స్త్రీలు కూడా పాత బట్టలతో కవంది అనే బొంతలు కుడతారు. వారి పూర్వీకులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. వారిలో ముస్లిములూ ఉన్నారు, క్రైస్తవులూ హిందువులూ ఉన్నారు. వారు అంచుల నుండి మొదలుపెట్టి చేతితో చుట్టూ కుడుతూ నడుమకు చేరుకుంటారు. నాలుగు మూలలా మడత ముక్కలతో పువ్వు పెట్టనిదే బొంత పూర్తయినట్లు వారు భావించరు. వీడియోలో వారిని చూసినప్పటి నుండి నేను కూడా మూలలను నిర్లక్ష్యం చేయడం మానుకోవాలని అనుకున్నాను. ఆ మాట పూర్తిగా నిలుపుకోలేదని తరువాత తెలిసింది.

2023లో తమ్ముని కుమార్తెకు ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెప్పగా విన్నాను. సొంత తమ్ముని ఇంటి శుభవార్త బస్సులో ఒక పరిచయస్తుని నోట వినవలసి వచ్చింది. ఇంటికి వచ్చి పెట్టె తెరిచి, అడుగున ఉన్న అమ్మ చీర ముక్కను, బాపు నీలి గళ్ళ లుంగీ ముక్కను బయటికి తీశాను. ఇరవై రోజులు కుట్టాను. ఇంతకుముందు దేనికీ అంత శ్రద్ధ పెట్టలేదు. పూర్తయిన రోజున నా భార్య బొంతను చేతిలోకి తీసుకుని చూసి, “బాగుంది. మరి కొట్టం పైకం?” అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. నా మనసులో ఉన్నదేమిటో ఆమె పసిగట్టింది. ఈ బొంతతో ఆ పాత లెక్కను కప్పివేయవచ్చునని నేను లోలోపల ఆశపడ్డాను. కానుక వేరు, హక్కు వేరు. ఒకరి హక్కును మన దగ్గర ఉంచుకుని వారికి కానుక ఇస్తే అది దానం కాదు, బేరం. మరునాడు బ్యాంకుకు వెళ్ళి, నేను ఉంచుకున్న సగం తీసి కవరులో పెట్టాను.

నేను వెళ్ళేసరికి తమ్ముడు యంత్రం ముందు ఉన్నాడు. గడ్డమూ కనురెప్పలూ దూదితో తెల్లబడి ఉన్నాయి. ఒక్క క్షణం బాపే నిలబడినట్లనిపించి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సలాం చేశాను. అతడు యంత్రం ఆపి, ప్రతిసలాం చెప్పి, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. దారి పొడవునా కూర్చుకున్న మాటలన్నీ మరచిపోయాను. “కొట్టం నువ్వే వేశావు. రేకుల బండి వెంట నేనూ ఉన్నాను. ఆనాడు చెప్పవలసిన సాక్ష్యం ఈనాడు చెబుతున్నాను” అని మాత్రం అనగలిగాను. కవరును దూది బస్తాపై పెట్టి, బొంతను అతని చేతికి ఇచ్చాను.

అతడు కవరు వైపు చూడలేదు. బొంతను విప్పి, బొటనవేలితో అక్కడక్కడ నొక్కాడు. వెలుతురుకు ఎత్తి పట్టాడు. అమ్మ చీర ముక్క దగ్గర అతని చేయి కొంచెంసేపు ఆగింది. తరువాత నాలుగు వేళ్ళు చాచి కుట్ల నడుమ ఆనిస్తూ అంచు వెంట కొలుచుకుంటూ పోయాడు. చివరికి నోరు విప్పాడు.

“దూది తక్కువేసినవ్ అన్నా.”

నాలుగేళ్ళ తరువాత నా తమ్ముడు నాతో అన్న మొదటి మాట అది. ఇంతకంటే తీయని మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

“కుట్టు మంచిగనే పడ్డది. గీ మూలకు ఎడం ఎక్కువైంది, దూది జరుగుతది” అని, గోడకు గుచ్చి ఉన్న పెద్ద సూది తీసి, దారం ఎక్కించి, నిలబడే ఆ మూలకు చేతితో ఒక వరుస కుట్టు వేశాడు. అది బాపు కుట్టు. నా మిషను వంపుల పక్కన అది తిన్నగా, కొంచెం మోటుగా నిలిచింది. ఆ బొంతలో అన్నిటికంటే గట్టి భాగం అదే.

అంతటితో పాత చనువంతా తిరిగి వచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. కవరును అతడు రెండు రోజుల తరువాత గాని ముట్టలేదని మరదలు చెప్పింది. ఇప్పటికీ కొన్ని విషయాలు మేమిద్దరం తప్పుకుని మాట్లాడుకుంటాము. కాని నెలకొకసారి వేములవాడ నుండి ఒక సంచి ఏకిన దూది బస్సులో వస్తుంది. “ఈసారి తక్కువ ఎయ్యకు” అని ఫోను చేస్తాడు. మా ఊరివారికి నేను కుట్టే బొంతలన్నిటిలో ఇప్పుడు ఉన్నది అతని దూదే. పని ఏమిటని పిల్లలు అడిగితే, మేము దూదేకులవాళ్ళమని ముందుగా చెప్పి, తరువాత యహ్యా అల్ ఖత్తాన్ గురించి చెబుతాను.

సోదర సోదరీమణులారా! మన ఇళ్ళలో అన్నదమ్ముల నడుమ, అక్కాచెల్లెళ్ళ నడుమ ఎడం ఒక్కరోజులో పెరగదు. ఒక పండుగకు వెళ్ళకపోవడంతో ఒక వేలు, ఒక ఫోను ఎత్తకపోవడంతో మరొక వేలు జరుగుతుంది. కొలిచి చూసుకునే వేళకు ఒక వైపు గడ్డ కట్టి ఉంటుంది, ఇంకొక వైపు ఉత్త బట్ట మిగిలి ఉంటుంది. నాలుగు వేళ్ళు దాటకముందే కుట్టు వేసుకోండి. వేసేముందు, ఎదుటివారి హక్కు ఏదైనా మన పెట్టెలో ఉండిపోయిందేమో చూసుకోండి.

విడిపోయినవారిని కలుపుకునే శక్తినీ, మన సొంత లెక్కలలో కూడా సరిగా కొలిచే చేతినీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.